బోర్డుతో మాట్లాడే పిల్లలు: అర్థం ఇద్దరి మధ్య ఎలా కుదురుతుంది

మాట రాని ఎనిమిదేళ్ల పాప, మాటలకు బదులు వాడే తన బొమ్మల బోర్డు మీద మూడు బొమ్మలు వరసగా చూపించిందనుకోండి: తాతయ్య, కారు, ఏడుపు. తాతయ్య కారెక్కి వెళ్లిపోయాడని పాపకు ఏడుపొచ్చిందా? తాతయ్య కారుకు ఏమైనా అయిందా? కారులో తనను తీసుకెళ్లలేదని అలిగిందా? లేక రేపు తాతయ్య వెళ్లిపోతాడని ఇప్పుడే దిగులు పడుతోందా? పాప చూపించిన బొమ్మల్లో తప్పు లేదు, వరసలోనూ తప్పు లేదు. అయినా మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టినంత మాత్రాన వాక్యం అయిపోదు. మిగిలిన సగం పాపా, ఎదురుగా ఉన్న మనిషీ కలిసి పూర్తి చేసుకోవాలి.

సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, కొన్ని జన్యు సమస్యలు ఉన్న పిల్లల్లో కొందరికి మాట రాదు. కొందరికి వచ్చినా బయటివాళ్లకు అర్థం కాదు. వీళ్లు వాడే కాగితం బోర్డులు, బొమ్మల పుస్తకాలు, కళ్లతో చూపించే పారదర్శక పలకలు, మాట పలికే ట్యాబ్‌లు అన్నిటినీ కలిపి ఏఏసీ (ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్) అంటారు, అంటే నోటి మాటకు తోడుగానో బదులుగానో వాడే సాధనాలు. ఈ విషయం ఎత్తగానే చర్చంతా ఏ యాప్ మంచిది, ఏ పరికరం కొనాలి అనే వైపు పోతుంది. పరికరం ముఖ్యమే. కానీ సంభాషణ చెడిపోయేది చాలాసార్లు పరికరం దగ్గర కాదు, పాప చూపించడం పూర్తయ్యాక ఎదుటి మనిషి చేసే పని దగ్గర.

ఊకొట్టడం వెనక ఉన్న లెక్క

మాట్లాడుకోవడం ఇద్దరూ కలిసి చేసే పని అని 1980లలో హెర్బర్ట్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు వివరంగా చూపించారు. ఒకరు మాట అనగానే పని అయిపోదు. విన్నవాళ్లు అర్థమైందని ఏదో ఒక రకంగా చూపించాలి, అన్నవాళ్లు దాన్ని గమనించి సరే అనుకోవాలి. అప్పుడే ఆ మాట ఇద్దరి ఉమ్మడి ఎరుకలో చేరుతుంది. నోటితో మాట్లాడుకునేవాళ్లకు ఇది ఖర్చు లేని పని. ఒక 'ఊఁ', ఒక 'అలాగా', కాస్త కనుబొమలు ముడవడం చాలు. పొరపాటు జరిగితే 'అది కాదు' అని రెండు క్షణాల్లో సర్దుకుంటారు.

బోర్డు మీద ఇదే పని చాలా ఖరీదు. మామూలు సంభాషణలో నిమిషానికి సుమారు 125 నుంచి 200 మాటలు దొర్లుతాయి. సాధనం వాడేవాళ్లకు నిమిషానికి 15 కూడా దాటకపోవడం సాధారణం. 10 భాషలను పోల్చి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకరి ప్రశ్నకూ మరొకరి జవాబుకూ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతుకు దగ్గరగా ఉందని తేలింది. ఆ వేగానికి అలవాటు పడ్డ చెవికి నాలుగు సెకన్ల నిశ్శబ్దం కూడా 'జవాబు లేదు' అన్నట్టే వినిపిస్తుంది. వెంటనే ఇంకో ప్రశ్న వేసేస్తారు. పాప అప్పటికే మొదటి ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఉంటుంది. ఆ జవాబు బయటికొచ్చేసరికి దాన్ని రెండో ప్రశ్నకు జవాబుగా చదువుకుంటారు.

వేలితో చూపించలేక, గళ్ల మీదుగా కదిలే వెలుగును స్విచ్ నొక్కి ఆపి మాట ఎంచుకునే పిల్లల సంగతి లెక్క వేసి చూడండి. 6 అడ్డువరసలు, 8 నిలువువరసలు, మొత్తం 48 గళ్లు. వెలుగు ముందు ఒక్కో అడ్డువరస మీదా, నొక్కాక ఆ వరసలోని ఒక్కో గడి మీదా అడుగుకు 1.5 సెకన్ల చొప్పున కదులుతుంది. కావలసిన మాట ఐదో వరసలో ఆరో గడిలో ఉంటే 11 అడుగులు, అంటే 16.5 సెకన్లు. అలాంటి మాటలు మూడయితే దాదాపు 50 సెకన్లు. ఒక్కసారి నొక్కు తప్పితే వెలుగు మళ్లీ తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఇంత చేశాక ఎదుటివాళ్లు 'ఏంటీ? మళ్లీ చెప్పు' అంటే మొత్తం పని మొదటికొస్తుంది. అదే 'తాతయ్య, కారు వరకు తెలిసింది, మూడోది ఏడుపేనా?' అంటే ఒక్క తల ఊపుతో అయిపోతుంది. అడిగినవాళ్లకు రెండు ప్రశ్నలూ ఒకటే శ్రమ. పాపకు మాత్రం ఒకటి నిమిషం, ఇంకొకటి రెండు సెకన్లు.

అందుకే ఎదుటి మనిషి ఎక్కువ భారం మోయడం న్యాయం. ఊహించాలి, ఖాళీలు నింపాలి, వాక్యం కట్టాలి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. భారం ఎవరు మోస్తే మాట మీద పెత్తనం కూడా మెల్లగా వాళ్ల చేతికే పోతుంది.

ప్రశ్నలన్నీ ఒకరివే అయినప్పుడు

మాట రాని చిన్నపిల్లలూ వాళ్లను పెంచేవాళ్లూ ఎలా మాట్లాడుకుంటారో ఏఏసీ పరిశోధకురాలు జానిస్ లైట్, ఆమె సహచరులు 1985లో ప్రచురించిన అధ్యయనాల్లో దగ్గరగా చూశారు. సంభాషణలో ఎక్కువ చోటు పెద్దవాళ్లదే, విషయం ఎత్తేదీ ఎక్కువగా పెద్దవాళ్లే. పిల్లలు చాలావరకు జవాబు తప్పనిసరైన చోటే జవాబిచ్చారు, అదీ ఎక్కువగా అవును-కాదుల్లో. ఇప్పటికీ తరగతి గదిలో ఒక పది నిమిషాలు వీడియో తీసి లెక్కపెడితే ఇదే ఆకారం కనిపించే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్లు ఎన్ని ప్రశ్నలు వేశారు, అందులో జవాబు ముందే తెలిసినవి ఎన్ని, పిల్ల తనంతట తాను మొదలుపెట్టినవి ఎన్ని అని మూడు అంకెలు రాసుకుంటే చాలు, పరిస్థితి తెలిసిపోతుంది.

'ఎర్ర బంతి ఏది చూపించు' అనే రకం ప్రశ్నకు పరీక్షలో చోటుంది. సంభాషణలో దానివల్ల ఒరిగేది లేదు. ఇద్దరికీ ముందే తెలిసిన సంగతిని ఇంకోసారి ఖాయం చేసుకోవడంలో ఉమ్మడిగా కొత్తగా చేరేదేమీ ఉండదు. మనుషులు నాలుగు అవసరాలకు మాట్లాడుకుంటారని లైట్ 1988లో విడదీసి చెప్పారు: కావలసింది అడగడం, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, దగ్గరితనం, మర్యాద. పిల్లల బోర్డుల్లో మొదటిదానికే పెద్దపీట వేస్తారు, ఎందుకంటే అది తేలిక. 'నీళ్లు' అని చూపిస్తే నీళ్లిస్తే సరిపోతుంది, పెద్దగా అర్థం చేసుకోవాల్సింది లేదు. నిన్న ఏం జరిగిందో చెప్పడం, కోపం ఎందుకో చెప్పడం, ఎవరినో ఆటపట్టించడం, ఇవన్నీ మిగతా మూడింటి కిందకొస్తాయి. ఉమ్మడి అర్థం కష్టపడి కట్టుకోవాల్సింది అక్కడే.

ఒక మాటను కలిసి కట్టే పద్ధతి

ముందు కూర్చునే తీరు. ట్యాబ్ పాప ముఖానికి అడ్డుగోడలా నిలబడకూడదు. బోర్డూ మీ ముఖమూ పాప తల పెద్దగా తిప్పకుండా చూడగలిగేంత దగ్గరలో ఉండాలి. మీ కళ్లు పాప కళ్ల ఎత్తులో ఉండాలి. బోర్డు చూస్తున్నప్పుడు పాప మీ వైపు చూడలేదు. అది అశ్రద్ధ కాదు, మాట్లాడుతోందన్న గుర్తు. చూపించడం ఆపి తలెత్తి మీ కళ్లలోకి చూస్తే చాలామంది పిల్లల విషయంలో 'నా వంతు అయింది, నువ్వు చెప్పు' అని అర్థం. ఈ ఒక్క చూపు గమనించనందువల్ల కొట్టుకుపోయే సంభాషణలు ఎన్నో.

పాప ఒక్కో బొమ్మ చూపిస్తుంటే దాని పేరు పైకి అనండి. దానికి ఏమీ చేర్చకండి. 'తాతయ్య' అంటే చాలు. 'తాతయ్యా? తాతయ్య వచ్చాడా? తాతయ్యంటే నీకిష్టం కదా!' అంటే పాప రెండో బొమ్మ దాకా వెళ్లనే లేదు, మీరు మాత్రం ఎక్కడికో వెళ్లిపోయారు. బొమ్మకూ బొమ్మకూ మధ్య కనీసం పది సెకన్లు ఆగండి. చేతులు, కళ్లు అదుపులో ఉండటం కష్టమైన పిల్లలకు అర నిమిషం కూడా కావచ్చు. ఊరికే ఆగడం వేరు, 'చెప్పు, వింటున్నాను' అన్నట్టు ముఖం పెట్టి ఆగడం వేరు.

పాప ఆగాక చూపించింది చూపించినట్టే ఒప్పజెప్పండి: 'తాతయ్య, కారు, ఏడుపు. ఇంకేమైనా ఉందా?' చూసింది ఏమిటో, మీకు తోచింది ఏమిటో రెండూ విడివిడిగా ఉంచడమే ఈ పద్ధతికి ప్రాణం. ఈ మెట్టు దాటేస్తే, తర్వాత తప్పు ఎక్కడ జరిగిందో, బొమ్మ తప్పు చదివారో అర్థం తప్పు కట్టారో, ఇద్దరికీ తెలియదు.

ఆ తర్వాత పెద్ద ప్రశ్నల నుంచి చిన్న ప్రశ్నలకు దిగాలి. 'ఇది జరిగిపోయిందా? జరగబోతోందా?' ఒక్కోటి అడిగి ఆగాలి. 'ఇంట్లోనా? బడిలోనా? ఇంకెక్కడైనానా?' తర్వాత 'ఏడ్చింది నువ్వా? తాతయ్యా? వేరే ఎవరైనానా?' ప్రతి వరసలోనూ చివర 'వేరే' ఉండాలి. అది లేకపోతే పాప మీ ఊహల్లోంచే ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. చివరికి మీ ఊహను ఊహగానే చెప్పండి: 'తాతయ్య కారెక్కి వెళ్లిపోతే నీకు ఏడుపొచ్చింది. ఇదేనా, దగ్గరగా ఉందా, కాదా?' ఆ మధ్య జవాబు, 'దగ్గరగా ఉంది' అనేది, చాలా బోర్డుల్లో ఉండదు. అది లేని పాప సగం సరైన ఊహకు 'కాదు' అంటే మీరు పూర్తిగా వేరే దారి పడతారు, 'అవును' అంటే తప్పు ఖాయమైపోతుంది.

అవును, కాదు: కనిపించినంత తేలిక కాదు

మొత్తం కట్టడం ఈ రెండు జవాబుల మీద నిలబడుతుంది కాబట్టి వాటి దగ్గర కాస్త ఆగాలి. రెంటికీ రెండు స్పష్టమైన గుర్తులు ఉండాలి. పైకి చూస్తే అవును, తల పక్కకు తిప్పితే కాదు, లేదా పాప శరీరానికి వీలైన మరే జంటైనా సరే. జవాబు రాకపోవడాన్ని 'కాదు' కింద లెక్కవేయకూడదు. అలా చేస్తే అలసట, వినపడకపోవడం, ఆలోచన అన్నీ 'కాదు' అయిపోతాయి. ఆ గుర్తులేమిటో కుర్చీ మీదో బోర్డు వెనకో రాసి ఉంచితే కొత్తవాళ్లు కూడా వెంటనే చదవగలరు.

అడిగే తీరులోనూ గోతులున్నాయి. 'పాలా, పండా?' అన్నదానికి అవును-కాదుల్లో జవాబు లేదు. 'ఆడుకుని తర్వాత పడుకుంటావా?' అన్నది రెండు ప్రశ్నలు. 'నీకు వద్దా?' అని అడిగితే 'అవును' అన్నది వద్దనా, కావాలనా? నోటితో మాట్లాడేవాళ్లు 'ఆఁ, వద్దు' అని పూర్తి చేస్తారు. పాపకు ఆ వెసులుబాటు లేదు. ఇక మన నోట్లో ప్రతి వాక్యం చివరా ఊరే 'కదా' ఒకటుంది. 'బాగుంది కదా?' అని అడిగి 'కాదు' అనిపించుకోవడం పెద్దవాళ్ల దగ్గరే కష్టం.

అలసిపోయి అనే 'అవును' ఇంకా ప్రమాదం. పదిహేను తప్పు ఊహల తర్వాత పాప పదహారోదానికి తలూపితే అది ఒప్పుకోవడమా, విడిచిపెట్టమని అడగడమా? మామూలు కబుర్లలో వదిలేయొచ్చు. నొప్పి గురించి, ఎవరైనా ఏమైనా చేశారా అన్నదాని గురించి, వైద్యం గురించి అయితే అదే ప్రశ్నను కాసేపాగి తిరగేసి అడగాలి. జవాబులు రెండూ పొసగకపోతే అర్థం ఇంకా కుదరలేదనే తీసుకోవాలి.

తెలుగులో బొమ్మలు ఎక్కడ జారతాయి

'అన్న, నేను, కొట్టు.' అన్న నన్ను కొట్టాడా? నేను అన్నను కొట్టానా? ఇద్దరం కొట్టుకున్నామా? కొట్టాలని ఉందా? ఎవరు ఎవరిని అన్నది తెలుగులో 'ని, కి, తో' లాంటి ప్రత్యయాలు చెబుతాయి. ఎప్పుడన్నదీ, ఎవరన్నదీ క్రియ చివర ఉంటుంది. ఇంగ్లిష్ కోసం తయారైన బొమ్మల పట్టీని తెచ్చి పేర్లు మాత్రం తెలుగులోకి మార్చిన బోర్డుల్లో ఇవేవీ ఉండవు. బొమ్మల వరస చూసి కర్త, కర్మ తేల్చుకుందామంటే తెలుగులో వరస అంత గట్టి ఆధారం కాదు.

అందుకని కి, ని, తో, లో, నుంచి అనే గళ్లు, 'అయిపోయింది', 'జరగబోతోంది', 'లేదు', 'ప్రశ్న' అనే గళ్లు మొదటి పేజీలోనే ఉండటం మంచిది. చిన్నపిల్లలు వాటిని వెంటనే వాడకపోవచ్చు. అప్పటిదాకా ఎదుటివాళ్లే 'కొట్టింది ఎవరు?' అని అన్న బొమ్మ మీదా, నేను బొమ్మ మీదా వేలు పెట్టి అడిగితే సరి. ఆ ఒక్క ప్రశ్నతో ఎవరు ఎవరిని అన్నది తేలిపోతుంది.

బోర్డు మీద ఏముండాలన్న ప్రశ్నకు చాలామంది చేసే పని వస్తువుల పేర్లతో నింపడం. రోజువారీ మాటల్లో సుమారు ఎనభై శాతం కొన్ని వందల మాటలతోనే నడుస్తుంది. నేను, అది, కావాలి, వద్దు, ఇంకా, పెట్టు, వెళ్లు, ఎందుకు, మళ్లీ లాంటివి. ఇవి కాక సంభాషణను నడిపించే మాటలు ఇంకో గుంపు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన గళ్లు ఇవే: 'నేను చెప్పాలి', 'ఆగు, ఇంకా అయిపోలేదు', 'నువ్వు తప్పు అర్థం చేసుకున్నావు', 'దగ్గరగా వచ్చావు', 'ఆ మాట ఇక్కడ లేదు', 'వదిలెయ్, తర్వాత'. ఏ పేజీలో ఉన్నా ఒక్క ఎంపికతో ఇవి చేతికి అందాలి. మూడు పేజీలు తిప్పితే గానీ దొరకని 'కాదు' ఉన్నట్టా, లేనట్టా?

లేని మాటను ఉన్న మాటలతో చెప్పడానికి కూడా దారి ఇవ్వాలి. చార్లెస్ బ్లిస్ 1949లో ప్రకటించిన గుర్తుల భాషను 1971లో టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ బృందం మాట రాని పిల్లలతో వాడటం మొదలుపెట్టింది. అందులో 'వ్యతిరేకం', 'ఇవి కలిపి చదువు' అని చెప్పే గుర్తులున్నాయి. ఏ బోర్డులోనైనా ఇలాంటివి నాలుగు పెట్టొచ్చు: 'ఇలాంటిది', 'వ్యతిరేకం', 'కలిపి చదువు', 'మొదటి అక్షరం'. సముద్రం బొమ్మ లేని పాప 'నీళ్లు, పెద్ద, ఇలాంటిది' అనగలదు. బొమ్మ లేకపోవడం పాపకు తెలియకపోవడం కాదు. ఆ గళ్లలో ఏముండాలో నిర్ణయించింది వేరే ఎవరో.

వినేది ఒక భాష, చెప్పేది ఇంకో భాష

రోజుకు 8 గంటలు మాటలు విన్న బిడ్డ ఏడాదిన్నరకల్లా సుమారు 4,380 గంటలు విన్నట్టు. వారానికి రెండుసార్లు అరగంట థెరపీలో మాత్రమే బోర్డు వాడకం చూసే బిడ్డకు ఆ లెక్కకు చేరడానికి 84 ఏళ్లు పడుతుంది. చుట్టూ అందరూ నోటితో మాట్లాడుతూ బిడ్డను మాత్రం బొమ్మలతో మాట్లాడమంటున్నాం. అందుకని పెద్దవాళ్లు కూడా మాట్లాడుతూ బోర్డు మీద చూపించాలి. ప్రతి మాటా అక్కర్లేదు, ముఖ్యమైన ఒకటి రెండు చాలు. పాప ఒక బొమ్మ వాడే దశలో ఉంటే మీరు రెండు చూపించండి. తిరిగి చూపించమని అడగొద్దు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. 'అయ్యో, మర్చిపోయాను' అని చెబుదామని బోర్డు వెతికితే ఆ మాట లేదని మీకే తెలుస్తుంది. పాప రోజూ గుద్దుకుంటున్న గోడ ఎక్కడుందో తెలియడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు.

సాయం ఎక్కడ ఆగాలి

పాప చెయ్యి పట్టుకుని అక్షరాల మీదికి నడిపించే 'ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్' అనే పద్ధతి 1990లలో బాగా వ్యాపించింది. చెయ్యి పట్టుకున్న మనిషికి ఒక బొమ్మ, పిల్లలకు ఇంకో బొమ్మ చూపించి పరీక్షించినప్పుడు టైపైన జవాబు చెయ్యి పట్టుకున్న మనిషి చూసినదే అయింది. అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 2018లో ఆ పద్ధతి వాడొద్దని స్పష్టంగా చెప్పింది. కలిసి అర్థం కట్టుకోవడం దీనికి పూర్తిగా వేరు. ఇక్కడ ఊహ పైకి చెప్పి చేస్తారు, ఎంపిక పాప సొంత కదలికతో జరుగుతుంది, 'కాదు' అనే దారి ఎప్పుడూ తెరిచి ఉంటుంది. అనుమానమొస్తే అడగాల్సింది ఒక్కటే: ఎదుటి మనిషికి తెలియని సంగతి పాప చెప్పగలుగుతోందా?

దీన్నే ఆటగా మార్చొచ్చు. నార్వేకు చెందిన స్టీఫెన్ వాన్ టెట్స్‌నర్, వివిధ దేశాల సహచరులు తమ పరిశోధనలో ఇలాంటి పనులే ఇచ్చారు: పిల్లలు చూసిన బొమ్మనో వీడియోనో, దాన్ని చూడని మనిషికి వివరించాలి. ఇంట్లో అయితే దాదాపు ఒకేలా ఉండే నాలుగు బొమ్మలు తీసుకోండి: కుక్క బల్ల మీద, కుక్క బల్ల కింద, పిల్లి బల్ల మీద, పిల్లి బల్ల కింద. పాపకు ఒకటే కనిపిస్తుంది, మీ దగ్గర నాలుగూ ఉంటాయి. పాప 'బల్ల' అని ఆపితే ఊహించకండి. 'బల్ల నాలుగింటిలోనూ ఉంది, ఇంకా చెప్పు' అనండి. మీకు ఏం తెలియదో పాప అంచనా వేయడం నేర్చుకునేది ఇక్కడే. ఆట పాడయ్యేది ఒకే కారణంతో: పక్కనున్న మూడో మనిషి నోరు జారి చెప్పేయడం.

ఇంటివాళ్లకు సగం చూపులోనే అర్థమైపోతుంది, ఎందుకంటే నిన్న ఏం జరిగిందో వాళ్లకు తెలుసు. బడిలో టీచరుకు అది తెలియదు. ఆ ఖాళీ పూడ్చడానికి రోజూ ఒక చీటీ పంపడం మంచిదే, కానీ అందులో కథంతా రాసేస్తే పాపకు చెప్పడానికి ఏమీ మిగలదు. 'ఆదివారం ఎవరొచ్చారో అడగండి, ఏం పగిలిందో అడగండి' అన్నంత వరకు చాలు. టికెట్ ముక్క, ఎండుటాకు, ఫోటో ఏదైనా పుస్తకంలో అతికించి పంపితే పాపే దాన్ని చూపించి విషయం ఎత్తగలదు. తోటిపిల్లల దగ్గర సహాయకురాలు పాప పక్కన కాక కాస్త వెనక కూర్చోవాలి. ఎవరైనా 'ఆమెకు ఏం కావాలంట?' అని సహాయకురాలిని అడిగితే 'తననే అడుగు, కాస్త ఆగాలి' అనాలి. పిల్లలు చిత్రంగా త్వరగా నేర్చుకుంటారు, పెద్దవాళ్లకే ఆ ఆగడం రాదు.

ఎంత చేసినా కొన్ని మాటలు తేలవు. అర్థమైనట్టు నటించి 'ఓహో, సరే' అనడం అన్నిటికన్నా చెడ్డ పని, అది పాపకు తెలిసిపోతుంది. 'నాకు ఇంకా తెలియలేదు. మళ్లీ ప్రయత్నిద్దామా, తర్వాత చూద్దామా?' అని అడిగి నిర్ణయం పాపకే వదలండి. తర్వాత అంటే చూపించిన బొమ్మలు వరస మార్చకుండా, ఎప్పుడు, ఎక్కడ, దగ్గర ఎవరున్నారో కలిపి ఒక కాగితం మీద రాసిపెట్టండి. సాయంత్రం ఇంట్లో ఎవరో చూసి ఇట్టే చెప్పేయొచ్చు. అది ఫలానా మాట లేకపోవడం వల్ల ఆగిపోయిందని తేలితే ఆ మాటను ఖాళీ గడిలో చేర్చండి. పాత గళ్లను మాత్రం కదపొద్దు, పాప చెయ్యి, కళ్లు వాటి చోటును అలవాటు చేసుకుని ఉంటాయి. చేర్చాక కొత్త గడిని పాపకు చూపించి, ఆ రోజు ఆగిపోయిన మాటను దానితో మీరే ఒకసారి చెప్పి, 'ఇదేనా?' అని అడగండి.